పద్నాలుగో నంబరు నడుము కొలత

బడి ఎదుటి సందులో మూడో షట్టరు కొలతలమ్మది. ఆమెకి వేరే పేరు లేకపోలేదు, కానీ దాంతో పిలిచేవాళ్ళు తగ్గిపోయి చాలా కాలమైంది. ఇరవై రెండేళ్ళుగా ఆ బడి పిల్లల యూనిఫారాలు ఆమే కుడుతోంది. పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పెళ్ళయిన కొత్తలో భర్త పాత చొక్కా ఒకటి కుట్టు కుట్టంతా విప్పి, ముక్కలు నేలమీద పరిచి, వారం రోజులు వాటి చుట్టూ తిరిగి, మళ్ళీ అదే చొక్కాగా కుట్టింది. ఒక చెయ్యి పొట్టిదయింది. మళ్ళీ విప్పింది. మూడోసారి కుట్టాక భర్త ఆ చొక్కా తొడుక్కుని పనికి వెళ్ళాడు, ఎవరూ నవ్వలేదు. ఆమెకి వచ్చిన సర్టిఫికెట్టు అదొక్కటే.

షాపులో ఒక మిషను, ఒక కత్తిరింపు బల్ల, ఒక ముక్కాలిపీట, మేకుకి వేలాడే ఒక కొలతల పుస్తకం. బడి తెరిచే ముందు వారం పిల్లలు వరసలో నిలబడితే ఆమె టేపు పెట్టి ఒక్కొక్కరికీ చొక్కా పొడుగు, భుజం, నడుము, కాలి పొడుగు రాసుకుంటుంది. పక్కన తరగతిలో వాళ్ళ రోల్ నంబరు రాస్తుంది, ఎందుకంటే కాలరు లోపల ఎర్రదారంతో ఆ నంబరు కుట్టాలి. పేర్లు రాయదు. ఒకే తరగతిలో ఒకే పేరు నలుగురికి ఉంటుందని ఆమె ఫిర్యాదు. అందుకని ఎవరి పిల్లలో రాసుకుంటుంది: బస్సు డ్రైవరు కూతురు, బేకరీ వాళ్ళ రెండోవాడు, తాళాలు బాగుచేసే ఆయన మనవరాలు.

ఆ పుస్తకంలో అసలు పనితనం ఇంకోచోట ఉంది. ఈ ఏటి కొలత పక్కనే పోయినేటి కొలత, అంతకు ముందుది, అంతకు ముందుది వరసగా ఎక్కించి పెట్టుకుంటుంది. నాలుగంకెలు చూసి, "వీడు ఏడాదికి రెండంగుళాలు సాగే రకం, ఈ పిల్ల మాత్రం ఆగి ఆగి ఒక్కసారిగా సాగుతుంది" అని లెక్కేసి, ఆ మేరకి కింద మడతలో గుడ్డ వదిలిపెడుతుంది. ఏడాది మధ్యలో పిల్లలొస్తే మడత విప్పి పంపుతుంది. ఇరవై రెండేళ్ళలో ఆమె లెక్క తప్పింది తక్కువ. దీన్ని ఒక గొప్ప విద్య అంటారని మాత్రం ఆమెకి తెలీదు.

ఆ గొప్ప విద్యని అదే ఊళ్ళో విద్యా కార్యాలయం వాళ్ళు ఈమధ్యే కనిపెట్టారు. ఒకే పిల్లవాణ్ణి ఏటేటా కొలిస్తేనే ఎదుగుదల తెలుస్తుందని వాళ్ళకి తట్టింది. అలా తట్టినందుకు మూడు గదులు కేటాయించి, తలుపులకి రంగులు వేయించి, ఒక నిపుణుణ్ణి కూడా తెప్పించారు. ఏం అడిగినా తెర మీద గీత చూపించి జవాబు చెప్తాడు కాబట్టి బడుల్లో ఆయన్ని గీతలబాబు అనేవాళ్ళు. మనిషి చెడ్డవాడు కాదు. పిల్లల్ని మాత్రం దగ్గరగా చూసింది తక్కువ.

ఒక సోమవారం సాయంత్రం ఆమె మరిది షాపుకొచ్చి ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. ఆ బడిలో లెక్కల మాస్టారు ఆయనే. ఒకే జట్టు పిల్లలతో పాటు తనూ పై తరగతికి మారుతూ, అయిదు నుంచి ఎనిమిది దాకా నాలుగేళ్ళు వాళ్ళకి లెక్కలు చెప్పాడు. తన బోధన గురించి తనకి చాలా మంచి అభిప్రాయం ఉంది, దాన్ని నలుగురికీ పంచడానికి కూడా వెనకాడడు. ఆ రోజు మాత్రం సంచి ఒళ్ళో పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు.

"ఏంటి మరిదీ, మొహం ఇస్త్రీ లేని చొక్కాలా పెట్టావ్?"

"నన్ను గోడౌన్‌కి పంపిస్తారట వదినా."

"ఏ గోడౌన్?"

"పాఠ్యపుస్తకాల గోడౌన్. కట్టలు లెక్కపెట్టాలట. లెక్కల మాస్టారు కదా, సరిపోతాడనుకున్నారేమో." సంచిలోంచి పదిహేను పేజీల నివేదిక తీసి బల్ల మీద పడేశాడు. "నా పిల్లలు ఏడాదికి ఆరు మార్కుల చొప్పున దిగజారుతున్నారట. పుట్టుకతో వచ్చిన బుర్రని నేను అరగదీస్తున్నానట. శుక్రవారం పదకొండింటికి తేల్చేస్తారు."

"దిగజారుతున్నారా మరి?"

"నువ్వు కూడానా! ప్రతి ఏడూ నా క్లాసులోంచి ఆరుగురు ఎంపిక పరీక్ష నెగ్గి పెద్ద బడికి వెళ్తున్నారు. ఈ ఊళ్ళో ఇంకెవరి దగ్గర్నించి వెళ్తున్నారు చెప్పు?"

"అది కాదయ్యా, దిగజారుతున్నారా లేదా?"

"గీత దిగుతోంది," అన్నాడు మరిది నీళ్ళు నములుతూ. "మూడంతస్తుల మోడల్ అట. పిల్లాడు, క్లాసు, బడి. నాకు సగం అర్థమైంది."

లెక్కల మాస్టారికి సగమే అర్థమైంది గనక ఆయన తిట్టడం మొదలుపెట్టాడు. కొలతలమ్మకి అసలు అర్థం కాలేదు గనక చదవడం మొదలుపెట్టింది. మాటలున్న పేజీలు వదిలేసి, చివర ఉన్న పట్టిక దగ్గర ఆగింది. ఒకటి నుంచి నలభై దాకా నంబర్లు, ఒక్కో నంబరుకి నాలుగేళ్ళ మార్కులు. తన పుస్తకంలాగే ఉంది. ఆమెకి గీతలబాబు మీద ఆ క్షణాన కొంచెం గౌరవం కూడా కలిగింది.

వేలు పెట్టి కిందకి చూస్తూ పోయి పద్నాలుగో నంబరు దగ్గర ఆపింది. మొదటేడు తొంభై మూడు, రెండో ఏడు ఇరవై రెండు.

"ఈ పిల్లకేమైంది?"

"ఏమో. నంబరు చూస్తే నాకెలా తెలుస్తుంది?"

ఆమె లేచి మేకు మీద పుస్తకం తీసింది. మొదటేడు పద్నాలుగో నంబరు: బస్సు డ్రైవరు కూతురు, గౌను, నడుము ఇరవై ఆరు. రెండో ఏడు పద్నాలుగో నంబరు: సరుకుల షెడ్డు కాపలాదారు కొడుకు, నిక్కరు, నడుము ఇరవై ఒకటి.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. తర్వాత ఇరవై తొమ్మిదో నంబరు చూసింది. తర్వాత ఆరో నంబరు.

"మరిదీ, బస్సు డ్రైవరు కూతురు ఇప్పుడెక్కడ చదువుతోంది?"

"పెద్ద బళ్ళో. నేను చెప్పిన ఆరుగురిలో అదొకటి. చురుకైన పిల్ల."

"అది వెళ్ళాక దాని నంబరు ఎవరికిచ్చారు?"

"నంబర్ల సంగతి పెద్దమాస్టారు చూసుకుంటారు," అన్నాడు మరిది.

మర్నాడు ఉదయం ఇద్దరూ వెళ్ళి పెద్దమాస్టారిని అడిగారు. బడికి హెడ్మాస్టరు ఆయనే, రిజిస్టర్ల విషయంలో మహా నిష్ఠ. ఆయన తడుముకోలేదు. "హాజరు రిజిస్టర్లో నలభై వరసలే అచ్చేశారమ్మా. ఎవరైనా వెళ్ళిపోతే వాళ్ళ వరస ఖాళీగా ఉంటే ఇన్‌స్పెక్షన్లో రాస్తారు, ఖాళీ ఎందుకని. నలభై ఒకటో వరస కావాలంటే కార్యాలయానికి మూడు కాపీల్లో అర్జీ పెట్టుకోవాలి. నాలుగేళ్ళ కిందట పెట్టాను. ఇంకా జవాబు రాలేదు. అందుకని కొత్తగా చేరినవాణ్ణి ఖాళీ అయిన వరసలో కూర్చోబెడతాను. రిజిస్టరు చూడండి, ఎంత నిండుగా ఉందో."

నిజంగానే నిండుగా ఉంది. పాత పేరు మీద తెల్లకాగితం ముక్క అంటించి, దాని మీద ముత్యాల్లాంటి అక్షరాలతో కొత్త పేరు రాసి ఉంది. ఏడాదికి ఆరుగురు వెళ్ళారు, ఆరుగురు చేరారు. తొంభై తెచ్చుకునే పిల్లలు లేచి వెళ్ళిన చోట, ఎక్కడెక్కడి నుంచో పని వెతుక్కుంటూ వచ్చిన వాళ్ళ పిల్లలు, పాతిక తెచ్చుకునేవాళ్ళు, వచ్చి కూర్చున్నారు. గీతలబాబు మోడల్ ఆ నాలుగేళ్ళ మార్కుల్లో కొలిచింది పిల్లల్ని కాదు, బెంచీల్ని.

"ఇది ముందే చెప్పచ్చు కదండీ!" అన్నాడు మరిది.

"ఎవరడిగారు?" అన్నాడు పెద్దమాస్టారు, మనస్ఫూర్తిగా.

శుక్రవారం పదకొండింటికి విద్యా కార్యాలయం సమావేశం గదిలో డైరెక్టరు, గీతలబాబు, ఒక పక్కగా మరిది కూర్చున్నారు. తెర మీద నలభై సన్నటి బూడిదరంగు గీతలు, వాటి మధ్య లావుగా ఒక ఎర్ర గీత కిందికి దిగుతోంది. తలుపు దగ్గర నిలబడ్డ కొలతలమ్మని డైరెక్టరు ఎగాదిగా చూశాడు.

"ఈవిడెవరు?"

"మా వదినండి," అన్నాడు మరిది.

"ఇది చుట్టాల్ని వెంటేసుకొచ్చే చోటు కాదు."

"చుట్టంగా రాలేదండి," అంది ఆమె. "ఈ నలభై మందికీ బట్టలు కుట్టేదాన్ని. మీరు నాలుగేళ్ళు కొలిచారు, నేనూ నాలుగేళ్ళు కొలిచాను. రెండూ ఓసారి పక్కపక్కన పెట్టి చూద్దామని." గీతలబాబు వైపు తిరిగింది. "బాబూ, పద్నాలుగో నంబరు చదవండి."

గీతలబాబుకి హుషారొచ్చింది. అది ఆయనకి ఇష్టమైన నంబరు. "తొంభై మూడు నుంచి ఇరవై రెండుకి. తీవ్రమైన పతనం. దీని మీద విడిగా రెండు పేజీలు రాశాను."

"నా పుస్తకంలో ఆ నంబరు నడుము ఇరవై ఆరు నుంచి ఇరవై ఒకటికి తగ్గింది. చొక్కా పొడుగు నాలుగంగుళాలు తగ్గింది. ముందేడు గౌను, తర్వాతేడు నిక్కరు. ఏడాదిలో పిల్ల లెక్కలు మర్చిపోయిందంటే నమ్మచ్చు. మనిషి కురచై, సన్నబడి, మగపిల్లాడు కూడా అయిపోతే వాళ్ళమ్మకైనా తెలిసుండేది కదండీ."

గదిలో ఎవరూ నవ్వలేదు. డైరెక్టరు గంభీరంగా ఆలోచించి, "జబ్బేమైనా చేసిందేమో కనుక్కున్నారా?" అన్నాడు.

గీతలబాబు మాత్రం కుర్చీలోంచి లేచాడు. "ఇరవై తొమ్మిది చెప్పండమ్మా."

"మూడంగుళాలు తగ్గింది. రెండో ఏడే."

"ఆరు?"

"రెండున్నర."

గీతలబాబు ఒక్కో నంబరు అడుగుతూ, కాగితం మీద టిక్కులు పెడుతూ వెళ్ళాడు. మార్కులు కుప్పకూలిన ప్రతిచోటా పిల్లలు కొత్తవాళ్ళే. చివరికి పెన్ను కింద పెట్టేశాడు. "రోల్ నంబరు పిల్లవాడితో పాటే ఉంటుందనుకున్నాను," అన్నాడు నెమ్మదిగా.

"గీత గీయడం బాగానే ఉంది బాబూ," అంది కొలతలమ్మ, ఓదార్పుగా. "ఒకరి నడుముకి ఇంకొకరి కాళ్ళు కుట్టారు. అంతే."

డైరెక్టరుకి తప్పు జరిగిందని అర్థమైంది. అది ఎవరి మీద పడుతుందో అర్థం కాకపోవడంతో సమావేశం వచ్చే శుక్రవారానికి వాయిదా వేసి, ఆ పుస్తకాన్ని కార్యాలయం స్వాధీనం చేసుకోవాలన్నాడు.

"పుస్తకం ఇవాళొక్కరోజే షాపు దాటింది. ఇంక దాటదండి," అంది ఆమె. "కావాలంటే బాబుని వచ్చి రాసుకోమనండి."

అలా గీతలబాబు నాలుగు రోజులు ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. మొదటిరోజు ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని సాయంత్రానికి అయిపోతుందనుకున్నాడు. పుస్తకం తెరిచాక తెలిసింది.

"ఈ 'బే.రెం' అంటే ఏంటమ్మా?"

"బేకరీ వాళ్ళ రెండోవాడు."

"మరి ఇక్కడ 'బే.మూ' ఉంది?"

"వాడి తమ్ముడు. అన్న నిక్కరే వీడికి సర్దాను. ఇద్దర్నీ ఒకటి చేసెయ్యకు, గొడవలైపోతాయి." రెండోరోజుకి ఆమె మీరు నుంచి నువ్వుకి దిగింది, ఆయనకీ అదే బాగుంది.

ఒకచోట గడి ఖాళీగా ఉంది. ఆ ఏడు ఒక పిల్ల ఒళ్ళు బాగాలేక కొలతలకీ రాలేదు, పరీక్షకీ రాలేదు. "ఫరవాలేదు," అన్నాడు గీతలబాబు. "ముందేడు, తర్వాతేడు చూసి అంచనా వేసి నింపే పద్ధతి ఉంది."

మిషను ఆగింది. "గుడ్డ లేనిచోట ఉందనుకుని కుట్టేస్తావా?"

"అతుకు వేస్తామమ్మా. అతుకు వేశామని కూడా రాస్తాం."

"రాస్తే సరే," అంది. మిషను మళ్ళీ కదిలింది.

గురువారం సాయంత్రానికి పని తెమిలింది. మరిది కూడా వచ్చాడు. విషయం పొక్కిన దగ్గర్నించి ఆయన మళ్ళీ మనిషయ్యాడు. దారిపొడవునా ఎవరు కనబడినా గణితశాస్త్రం గెలిచిందని చెప్తూనే వచ్చాడు. గీతలబాబు కత్తిరింపు బల్ల మీద సుద్దతో గీతలు గీశాడు.

"మొదటినించీ చివరిదాకా ఉన్నది ఇరవై ఇద్దరు. ఏడాదికి అయిదు మార్కుల చొప్పున పైకి వెళ్ళారు. పెద్ద బడికి వెళ్ళిన పద్దెనిమిది మంది మంచి మార్కులతోనే వెళ్ళారు. సార్, మీరు చెప్పింది నిజం."

"చూశావా వదినా! నేను మొదటే చెప్పలా?"

"ఆగు. ఇంకా గీస్తున్నాడు."

గీతలబాబు సుద్దముక్కతో కింద పన్నెండు గీతలు గీశాడు. అన్నీ బల్ల అంచుకి సమానంగా, పడుకున్నట్టున్నాయి. "వీళ్ళు మధ్యలో చేరినవాళ్ళు. చేరినప్పుడు పాతిక, ఇప్పుడూ పాతికే. చివరి ఏడు చేరిన ఆరుగురికి ఒక్కో పరీక్షే ఉంది. ఒక్క చుక్కతో గీత రాదు, వాళ్ళ గురించి ఏం చెప్పలేను."

మరిది ఆ గీతల మీదకి వంగి చూశాడు.

"వాళ్ళకి పునాదే లేదు వదినా," అన్నాడు మరిది. "ఎక్కడెక్కడో చదివి వచ్చారు. ఎంపిక పరీక్ష దగ్గర పడుతుంటే ముందు బెంచీలు చూసుకోవద్దా నేను?"

"ముందు బెంచీలవాళ్ళు ఎలాగూ వెళ్ళిపోయారుగా. నీ దగ్గరుండేది వీళ్ళే."

మరిది గొంతు తగ్గించాడు. "బాబూ, రేపు ఆ పన్నెండూ చూపించాల్సిందేనా? ఆ డైరెక్టరు గోడౌన్ తాళంచెవి చేతిలో పట్టుకు కూర్చున్నాడు. అవి చూశాడంటే నా పని అయిపోయినట్టే."

గీతలబాబు కొలతలమ్మ వైపు చూశాడు. మరిదీ చూశాడు. ఆమె దారం కొరికి, సూది కాలరుకి గుచ్చి పక్కన పెట్టింది.

"నీకోసమే వారం రోజులు షాపు మూసినంత పనిచేశాను మరిదీ. నువ్వు గోడౌన్‌కి పోతే మీ ఆవిడ ముందు నేను తలెత్తుకోలేను. కానీ, ఈ పన్నెండుమందీ నా పుస్తకంలో ఏటేటా పెరిగారు. మడత విప్పి పంపించాను. ఉన్నదాన్ని లేదని నేను చెప్పను. చూపించు బాబూ."

మర్నాడు సమావేశం గదిలో ఎర్ర గీత పైకి ఎక్కుతోంది. గీతలబాబు దాని సంగతి రెండు ముక్కల్లో చెప్పి, ఆ పన్నెండు గీతల గురించి పావుగంట మాట్లాడాడు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి ఆరు నెలలు విడిగా పాఠాలు చెప్పాలన్నాడు. బడికి నలభై ఒకటో వరస ఉండాలన్నాడు. పిల్లవాడికి పుట్టుక నుంచి ఒకే నంబరు ఉండాలన్నాడు. మరిది చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. డైరెక్టరు గడియారం చూసుకున్నాడు.

"ఎర్రది పైకేగా వెళ్తోంది?"

"పైకేనండి, కానీ ఆ పన్నెండు..."

"పైకే కదా. ముగిద్దాం."

మూడు రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. కార్యాలయం సకాలంలో తీసుకున్న చర్యల వల్ల సదరు ఉపాధ్యాయుడి గీత వారం రోజుల్లోనే గణనీయంగా మెరుగుపడిందనీ, ఆయన్ని అదే బడిలో కొనసాగిస్తున్నామనీ అందులో ఉంది. ఇకపై అన్ని బడులూ మార్కుల పట్టికలో పిల్లల నడుము కొలతకి ఒక గడి చేర్చి, మూడు కాపీల్లో పంపాలని కూడా ఉంది. పన్నెండుమంది ఊసు లేదు. పెద్దమాస్టారు ఆ రోజే టేపు ఒకటి తెప్పించి, వాడడం చేతకాక కొలతలమ్మకి కబురు పెట్టాడు.

ఉత్తర్వు అందిన సాయంత్రం మరిది షాపుకొచ్చాడు. గెలిచి వచ్చినవాడిలా లేడు. ముక్కాలిపీట మీద కూర్చుని, జేబులోంచి కాగితం తీశాడు. గీతలబాబు రాసిచ్చిన పన్నెండు నంబర్లు అందులో ఉన్నాయి.

"ఇందులో అయిదుగురి మొహాలు నాకు గుర్తు రావట్లేదు వదినా," అన్నాడు. "రెండేళ్ళు, మూడేళ్ళు వాళ్ళ ముందు నిలబడ్డాను."

ఆమె లేచింది. మేకు మీద పుస్తకం తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన తిప్పి తిప్పి ఒకచోట ఆగాడు.

"ఈ 'ష.కా.కొ' ఎవరు? పద్నాలుగు."

"షెడ్డు కాపలాదారు కొడుకు. చిన్నగా మాట్లాడతాడు, రెండుసార్లడిగితే గానీ చెప్పడు. ఇప్పుడు నీకంటే రెండంగుళాలే తక్కువ. వెనక, కిటికీ పక్కన కూర్చుంటాట్ట. వాడే చెప్పాడు."

"కిటికీ పక్కన..." మరిది జేబులు తడుముకున్నాడు. ఆమె చెవి మీది పెన్సిలు తీసి ఇచ్చింది. ఆయన కాగితం మీద పద్నాలుగు పక్కన 'కిటికీ' అని రాసుకుని, వేలు తర్వాతి నంబరు మీదకి జరిపాడు.

"ఇదెవరు?"